సన్నటి పొర సరే, దాన్ని మోసేదెవరు? ఫ్యూయెల్ సెల్స్‌లోకి స్టీల్ ఎందుకొచ్చింది

ఫోల్డబుల్ ఫోన్ల గురించి రాసినప్పుడల్లా నేను ఒక పార్ట్ గురించి తప్పకుండా చెబుతుంటా. లోపలి డిస్‌ప్లే మీదుండే అల్ట్రా థిన్ గ్లాస్. మందం 30 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది, అంటే మన తల వెంట్రుక కంటే సన్నం. అంత సన్నగా ఉంది కాబట్టే వంగుతుంది. కానీ అదే కారణంతో ఒంటరిగా నిలబడలేదు. కింద ఒక సపోర్ట్ ప్లేట్ ఉండి దాన్ని మోస్తుంది. స్పెక్ షీట్‌లో గ్లాస్ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ప్లేట్ పేరు చాలాసార్లు కనిపించనే కనిపించదు.

సరిగ్గా ఇదే కథ ఇప్పుడు కరెంట్ తయారుచేసే ఒక మెషీన్‌లో నడుస్తోంది. అక్కడి పొర ఆ గ్లాస్ కంటే కూడా సన్నం, పైగా 600 డిగ్రీల వేడిలో ఏళ్ల తరబడి పనిచేయాలి. దాని పేరు సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయెల్ సెల్. ముద్దుగా ఎస్ఓఎఫ్‌సీ.

గ్యాడ్జెట్ సైట్‌లో ఇదెందుకు అంటారా? మీరు ఏఐ చాట్‌బాట్‌ని అడిగే ప్రతి ప్రశ్నకీ ఎక్కడో ఒక డేటా సెంటర్ కరెంట్ తాగుతోంది. గ్రిడ్ నుంచి కొత్త కనెక్షన్ రావడానికి అమెరికాలో ఏళ్లు పడుతోంది. అందుకే 2025లో ఒరాకిల్ తన డేటా సెంటర్ల కోసం బ్లూమ్ ఎనర్జీ అనే ఎస్ఓఎఫ్‌సీ కంపెనీతో చేతులు కలిపింది. అదే ఏడాది బ్రూక్‌ఫీల్డ్ సంస్థ ఈ కంపెనీ టెక్నాలజీ మీద 500 కోట్ల డాలర్ల వరకు పెడతానంది. ఆ కంపెనీ ఫౌండర్ కె.ఆర్. శ్రీధర్ ఇంజినీరింగ్ చదివింది తిరుచ్చి ఆర్ఈసీలో, అంటే ఇప్పటి ఎన్ఐటీలో. కాబట్టి ఇది ల్యాబ్‌లో మూలన పడున్న టెక్ కాదు. డబ్బు పారుతున్న టెక్.

బేసిక్స్: రెండు నిమిషాల్లో

ఫ్యూయెల్ సెల్‌ని రీఛార్జ్ చేయక్కర్లేని బ్యాటరీ అనుకోండి. ఇంధనం ఇస్తూ ఉన్నంతసేపు కరెంట్ ఇస్తూనే ఉంటుంది. మంట ఉండదు, తిరిగే టర్బైన్ ఉండదు.

లోపల మూడు పొరలుంటాయి. ఒక పక్క గాలి తగిలే క్యాథోడ్, ఇంకో పక్క ఇంధనం తగిలే యానోడ్, మధ్యలో ఎలక్ట్రోలైట్. గాలిలోని ఆక్సిజన్ క్యాథోడ్ దగ్గర ఎలక్ట్రాన్లు తీసుకుని అయాన్‌గా మారుతుంది. ఆ అయాన్ మధ్య పొరలోంచి నడుచుకుంటూ అవతలికి వెళ్లి, హైడ్రోజన్‌తో కలిసి నీటి ఆవిరి అవుతుంది. అక్కడ వదిలేసిన ఎలక్ట్రాన్లు బయట వైరులోంచి తిరిగొస్తాయి. ఆ తిరిగి రావడమే మనకి కరెంట్. ఒక్కో సెల్ ఇచ్చేది సుమారు 1 వోల్ట్. అందుకే వందల సెల్స్‌ని ఒకదాని మీద ఒకటి పేర్చి స్టాక్ కడతారు.

టొయోటా మిరాయ్ కారులో ఉండే ఫ్యూయెల్ సెల్ వేరే జాతి. అది 80 డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, కానీ ప్లాటినం కావాలి, శుద్ధమైన హైడ్రోజన్ కావాలి. ఎస్ఓఎఫ్‌సీకి ప్లాటినం అక్కర్లేదు. సహజ వాయువు, బయోగ్యాస్, ఇథనాల్ లాంటివాటితోనూ నడుస్తుంది. సహజ వాయువు పోస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది మర్చిపోవద్దు. కాకపోతే ఎఫిషియెన్సీ 50 నుంచి 60 శాతం ఉంటుంది కాబట్టి యూనిట్‌కి ఇంధనం తక్కువ పడుతుంది.

మధ్య పొరకి ఎక్కువగా వాడేది యిట్రియా కలిపిన జిర్కోనియా అనే సిరామిక్, షార్ట్‌గా వైఎస్‌జెడ్. జిర్కోనియాకి మూలమైన జిర్కాన్ మన శ్రీకాకుళం తీరం ఇసుకలో కూడా ఉంది. ఈ సిరామిక్‌ని 1890ల్లోనే నెర్న్‌స్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీపంలో వాడాడు. దాంతో ఫ్యూయెల్ సెల్ చేసి చూపించింది బౌర్, ప్రైస్ అనే ఇద్దరు, 1937లో. మరి ఇన్నేళ్లూ ఎందుకు ఆగింది?

1000 డిగ్రీల తలనొప్పి

ఎందుకంటే ఈ సిరామిక్ చల్లగా ఉన్నప్పుడు అయాన్లని కదలనివ్వదు. బాగా ఎర్రగా కాలితేనే దారిస్తుంది. 1000 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. కానీ ఆ వేడిలో మామూలు స్టీల్ నిలవదు, సీల్స్ నిలవవు, చుట్టూ వాడే ప్రతి పార్ట్ ఖరీదైనదే కావాలి. స్టార్ట్ చేయాలంటే గంటలు పడుతుంది. ఆపితే చల్లారేటప్పుడు పగుళ్ల భయం.

వేడి 600 డిగ్రీలకి దించితే ఇవన్నీ తేలికవుతాయి. కానీ దించగానే అయాన్లు నత్తనడక నడుస్తాయి. పరిష్కారం వినడానికి చాలా సింపుల్: నడక నెమ్మదించింది కాబట్టి నడవాల్సిన దూరం తగ్గించు. అంటే పొరని సన్నం చెయ్యి.

చిన్న లెక్క చేద్దాం. ఒక చదరపు సెంటీమీటర్ సెల్ నుంచి అర ఆంపియర్ లాగుతున్నాం. ఒక్క ఎలక్ట్రోలైట్ పొరలోనే ఎంత వోల్టేజ్ పోతుందో చూడండి. అంకెలు రౌండ్ చేశాను.

- 150 మైక్రాన్ల పొర, 1000 డిగ్రీలు: 0.075 వోల్ట్ నష్టం. పర్లేదు.
- అదే పొర, 600 డిగ్రీలు: 2.5 వోల్ట్‌లు. సెల్ ఇచ్చేదే 1 వోల్ట్! అంటే అంత కరెంట్ అసలు రానే రాదు.
- 10 మైక్రాన్ల పొర, 600 డిగ్రీలు: 0.17 వోల్ట్. బతికిపోయాం.
- 1 మైక్రాన్ పొర, 600 డిగ్రీలు: 0.017 వోల్ట్. లెక్కలోకి రాదు.

మెటీరియల్ మార్చకుండా, కేవలం మందం తగ్గించి 400 డిగ్రీలు దిగొచ్చాం అన్నమాట. థిన్ ఫిల్మ్ ఎలక్ట్రోలైట్ అంటే అంత హడావిడి అందుకే.

అయితే 10 నుంచి 1కి వెళ్తే మనకి మిగిలేది ఇంకో 0.15 వోల్ట్ మాత్రమే. పైగా వేడి తగ్గేకొద్దీ క్యాథోడ్ కూడా నెమ్మదిస్తుంది, ఎలక్ట్రోలైట్‌ని ఎంత సన్నం చేసినా దానికి ఉపయోగం లేదు. రిస్క్ మాత్రం పెరుగుతుంది. ఫ్యాక్టరీలో 5 మైక్రాన్ల దుమ్ము రేణువు ఒకటి పడిందనుకోండి, 1 మైక్రాన్ పొరలో అది కొండ. అక్కడ చిల్లు పడుతుంది, హైడ్రోజన్ అవతలికి కారి గాలితో కలిసి అక్కడికక్కడే మండుతుంది. అందుకే మార్కెట్లోకి వచ్చే సెల్స్ ఎక్కువగా 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఆగిపోతాయి. "ఎంత సన్నం" అనేది ఒక దశ దాటాక మెగాపిక్సెల్స్ పోటీ లాంటిదే.

మోసేవాళ్లు మూడు రకాలు

ఆత్రేయపురం పూతరేకులు చేసేటప్పుడు చూశారా? బోర్లించిన కుండ మీద పలచటి పిండి గుడ్డతో ఒక్క లాగుడు లాగితే రేకు వస్తుంది. ఆ రేకు పుట్టేదే కుండ ఆసరాతో. ఇక్కడా అంతే, కాకపోతే ఒక్క తేడా. మన రేకుని కుండ మీంచి తీసేస్తాం. ఫ్యూయెల్ సెల్‌లో పొర జీవితాంతం ఆ కుండ మీదే ఉండాలి, వేడెక్కినా చల్లారినా దాంతోపాటే సాగాలి, దాంతోపాటే ముడుచుకోవాలి.

ఆ కుండ ఎవరన్నదాన్ని బట్టి సెల్స్ మూడు రకాలు.

మొదటిది, ఎలక్ట్రోలైట్ తనని తానే మోసుకునే రకం. పొర 100 మైక్రాన్లు, ఆపైన మందంగా ఉంటుంది కాబట్టి 800 డిగ్రీలు, ఆపైన వేడి కావాలి. బ్లూమ్ వాడేది ఈ పద్ధతే. ఒకసారి వెలిగించి ఏళ్ల తరబడి ఆపకుండా నడిపే డేటా సెంటర్‌కి ఇది సరిపోతుంది.

రెండోది, యానోడ్ మోసే రకం. నికెల్, వైఎస్‌జెడ్ కలిపిన అర మిల్లీమీటర్ యానోడ్ పలక మీద 10 మైక్రాన్ల ఎలక్ట్రోలైట్ ఉంటుంది. 700, 750 డిగ్రీల దగ్గర మంచి పవర్ ఇస్తుంది. మన దేశంలో కోల్‌కతాలోని సీజీసీఆర్ఐ ల్యాబ్ ఈ రకం మీద పనిచేసింది. దీని బలహీనత నికెల్. ఎప్పుడైనా ఇంధనం ఆగి లోపలికి గాలి వెళ్లిందంటే నికెల్ ఆక్సైడ్‌గా మారి ఉబ్బుతుంది. మోసే పలకే ఉబ్బితే పైనున్న సన్నపొర చిట్లుతుంది.

మూడోది, మెటల్ మోసే రకం. చిల్లులున్న స్టీల్ రేకు మీద అన్ని పొరల్నీ సన్నసన్నగా వేస్తారు. సిరామిక్ అంతా కలిపినా కొన్ని పదుల మైక్రాన్లే, బరువంతా స్టీల్‌దే. లాభాలు చూడండి: స్టీల్ చవక, కిందపడితే పగలదు, వేడి సమానంగా పంచుతుంది కాబట్టి నిమిషాల్లో వేడెక్కించొచ్చు. ఇంకో పెద్ద లాభం, అంచుల్ని లేజర్ వెల్డింగ్ చేసేయొచ్చు. మిగతా రకాల్లో గ్లాస్ సీల్స్ వాడాలి, అవి వేడీ చలీ మారినప్పుడల్లా తలనొప్పే.

స్టీల్ అంటే ఏ స్టీల్?

ఇక్కడ మీ వంటింట్లో చేసే టెస్ట్ ఒకటి పనికొస్తుంది. ఇండక్షన్ స్టవ్ కొన్నప్పుడు గిన్నె అడుగున అయస్కాంతం పెట్టి చూస్తాం కదా. గట్టిగా అతుక్కుంటే సాధారణంగా అది ఫెర్రిటిక్ స్టీల్. అతుక్కోకపోతే 304 లాంటి ఆస్టెనిటిక్ స్టీల్. ఫ్యూయెల్ సెల్‌కి కావాల్సింది అతుక్కునే రకం.

కారణం వ్యాకోచం. 10 సెంటీమీటర్ల ముక్కని గది వేడి నుంచి 600 డిగ్రీలకి తీసుకెళ్తే వైఎస్‌జెడ్ సుమారు 0.6 మిల్లీమీటర్లు సాగుతుంది. ఫెర్రిటిక్ స్టీల్ 0.66 సాగుతుంది. 304 స్టీల్ మాత్రం 1 మిల్లీమీటర్ దాటిపోతుంది. పైనున్నది 10 మైక్రాన్ల సిరామిక్, కిందున్నది దానికంటే 0.4 మిల్లీమీటర్లు ఎక్కువ సాగే స్టీల్ అయితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అసలు చిక్కు: కాల్చడం

ఇంతవరకు అంతా బాగుంది. మరి అందరూ స్టీల్‌కే ఎందుకు మారిపోలేదు? ఎందుకంటే సెల్ నడిచే వేడి 600 డిగ్రీలైనా, తయారయ్యే వేడి వేరే.

వైఎస్‌జెడ్ పొడిని ఇంకులా చేసి రేకు మీద పూస్తారు. కుండలు కాల్చినట్టు దాన్ని 1300 డిగ్రీల పైన కాలిస్తేనే రేణువులు కరుచుకుని, గ్యాస్ కారని గట్టి పొర అవుతుంది. అదే వేడిలో గాలి తగిలితే స్టీల్ తుప్పు కుప్ప అవుతుంది. సరే, గాలి లేకుండా హైడ్రోజన్‌లో కాలుద్దాం అంటే క్యాథోడ్ మెటీరియల్ విరిగిపోతుంది. పోనీ యానోడ్ వరకు కాలుద్దాం అంటే నికెల్ ముద్దకడుతుంది, స్టీల్‌లోని ఇనుము, క్రోమియం నికెల్‌లోకి పాకుతాయి, నికెల్ స్టీల్‌లోకి పాకుతుంది. ఒకరికి మంచిదైన ఓవెన్ ఇంకొకరికి చావు.

ఈ ముడి విప్పడానికి వేర్వేరు టీమ్‌లు వేర్వేరు దారులు పట్టాయి.

బ్రిటన్‌లోని సెరెస్ పవర్ మెటీరియల్‌నే మార్చింది. లండన్ ఇంపీరియల్ కాలేజ్‌లో బ్రయన్ స్టీల్ టీమ్ చేసిన పని నుంచి 2001లో పుట్టిన కంపెనీ ఇది. వైఎస్‌జెడ్ బదులు గాడోలినియం కలిపిన సీరియా వాడారు. 600 డిగ్రీల దగ్గర ఇది వైఎస్‌జెడ్ కంటే చాలా రెట్లు బాగా అయాన్లని పంపుతుంది, స్టీల్ తట్టుకోగల వేడిలోనే గట్టిపడేలా కూడా చేయొచ్చు. లేజర్‌తో సన్నటి చిల్లులు పొడిచిన స్టీల్ రేకు మీద పెళ్లి కార్డులు ముద్రించినట్టు స్క్రీన్ ప్రింటింగ్‌తో పొరలు వేస్తారు. సెల్ 500 నుంచి 620 డిగ్రీల మధ్య నడుస్తుంది. సీరియాకి ఒక జబ్బుంది, ఇంధనం వైపు అది ఎలక్ట్రాన్లని కూడా కొంచెం లీక్ చేస్తుంది, అంటే లోపలే చిన్న షార్ట్ సర్క్యూట్. వేడి 600 చుట్టుపక్కలే ఉంచితే ఆ లీక్ అదుపులో ఉంటుంది. అంటే ఇక్కడ వేడి తక్కువగా ఉండటం లాభం మాత్రమే కాదు, కంపల్సరీ.

కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్కిలీ ల్యాబ్ ఆర్డర్‌ని మార్చింది. ముందు స్టీల్, వైఎస్‌జెడ్ మాత్రమే కలిపి హైడ్రోజన్ ఉన్న వాతావరణంలో ఎక్కువ వేడిలో కాలుస్తారు. ఎలక్ట్రోడ్‌ల చోట ఖాళీ స్పాంజి లాంటి సిరామిక్ మాత్రమే ఉంటుంది. చల్లారాక కెటలిస్ట్‌ల ద్రావణాన్ని ఆ స్పాంజిలోకి ఇంకించి, తక్కువ వేడిలో ఆరబెడతారు. సున్నితమైనవాళ్లు ఓవెన్‌లోకి వెళ్లనే వెళ్లరు. ఇథనాల్‌తో నడిచే వాహనాల కోసం కూడా ఈ ల్యాబ్ ఇలాంటి సెల్స్ మీద పనిచేసింది.

జర్మనీ ఏరోస్పేస్ సెంటర్ డీఎల్ఆర్ ఓవెన్‌నే తీసేసింది. ప్లాస్మా స్ప్రేతో సిరామిక్ పొడిని కరిగించి నేరుగా స్టీల్ మీద చల్లుతారు. పొర కొంచెం మందంగా వస్తుంది, అదే దాని ధర. ఇంకొందరు చిప్ ఫ్యాక్టరీల్లో వాడే స్పట్టరింగ్ పద్ధతి పట్టారు. పొర సన్నగా, గట్టిగా వస్తుంది, కానీ మెషీన్ ఖరీదు, స్పీడ్ తక్కువ.

తయారయ్యాక కూడా యుద్ధమే

స్టెయిన్‌లెస్ స్టీల్ తుప్పు పట్టదు అనేది గదిలో మాట. 600 డిగ్రీల్లో దాని మీద క్రోమియం ఆక్సైడ్ పొర నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. పొర స్టీల్‌ని కాపాడుతుంది, కానీ కరెంట్‌కి అడ్డం పడుతుంది. పైగా తేమ గాలి తగిలితే క్రోమియం ఆవిరిగా లేచి క్యాథోడ్ మీద కూర్చుని దాన్ని చంపుతుంది. అందుకే గాలి తగిలే స్టీల్‌కి మాంగనీస్, కోబాల్ట్ ఆక్సైడ్ లాంటి కోటింగ్ వేస్తారు. వేడిని ఇంకో 100 డిగ్రీలు పెంచితే పవర్ పెరుగుతుంది, కానీ ఈ రెండు జబ్బులూ అంతకంటే స్పీడ్‌గా ముదురుతాయి. స్టీల్ సెల్ 700 దాటడానికి భయపడేది అందుకే.

మరి నా ఫోన్‌కి ఎప్పుడు?

పవర్ బ్యాంక్‌ల గురించి రాస్తే నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇదే. నిజానికి ప్రయత్నాలు జరిగాయి. 2013 సీఈఎస్‌లో లిలిపుషియన్ సిస్టమ్స్ అనే అమెరికా కంపెనీ నెక్టార్ పేరుతో బ్యూటేన్ గ్యాస్‌తో నడిచే ఫోన్ ఛార్జర్ చూపించింది. లోపల సిలికాన్ చిప్ మీద కట్టిన చిన్న ఎస్ఓఎఫ్‌సీ. ధర 299 డాలర్లు. 2014లో కంపెనీ మూతపడింది.

ల్యాబ్ రికార్డులు మాత్రం అదిరిపోతాయి. 2008లో స్టాన్‌ఫోర్డ్ టీమ్ 70 నానోమీటర్ల వైఎస్‌జెడ్ పొరతో 400 డిగ్రీల్లోనే చదరపు సెంటీమీటర్‌కి 677 మిల్లీవాట్ల రేటు చూపించింది. కానీ ఆ పొర సైజు చదరపు సెంటీమీటర్ కూడా కాదు. పెద్దది చేస్తే చిరిగిపోతుంది. 2011లో హార్వర్డ్‌లో శ్రీరామ్ రామనాథన్ టీమ్ సన్నపొర మీద మెటల్ గ్రిడ్ వేసి బలం ఇచ్చింది. మళ్లీ మెటలే! దాంతో పొరని మిల్లీమీటర్ల సైజుకి పెంచగలిగారు, ఒక్క చిప్ నుంచి 510 డిగ్రీల దగ్గర 20 మిల్లీవాట్లు వచ్చాయి.

20 మిల్లీవాట్లు అంటే? 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 19 వాట్-అవర్లు ఉంటాయి. ఆ చిప్‌తో ఛార్జ్ చేస్తే ఫుల్ అవడానికి 40 రోజులు. పైగా జేబులో 500 డిగ్రీలు. వస్తువు చిన్నదయ్యేకొద్దీ వేడి వేగంగా కారిపోతుంది, దాన్ని ఆపడానికి వేసే ఇన్సులేషన్ ఛార్జర్ కంటే పెద్దదవుతుంది. కాబట్టి నా సమాధానం: మీ ఫోన్‌లోకి రాదు. మీ ఫోన్ మాట్లాడే సర్వర్ పక్కకి, సెల్ టవర్ కిందకి, బహుశా లారీలోకి వస్తుంది. నిస్సాన్ 2016లో బ్రెజిల్‌లో ఇథనాల్‌తో నడిచే 5 కిలోవాట్ల ఎస్ఓఎఫ్‌సీ వ్యాన్ ప్రోటోటైప్ చూపించింది కూడా.

హెడ్‌లైన్ కనిపిస్తే ఏం చూడాలి

"ఫ్యూయెల్ సెల్‌లో సంచలనం" అని వార్త వస్తే, లేదా ఎవరైనా క్రౌడ్ ఫండింగ్‌లో డబ్బు అడిగితే, నేను చూసే నాలుగు పాయింట్లు ఇవి.

ఒకటి, సైజు. పవర్ డెన్సిటీ చూపించింది గోరంత సెల్ మీదా, అరచేతి సైజు సెల్స్ పేర్చిన స్టాక్ మీదా?

రెండు, లోడ్ లేనప్పుడు వోల్టేజ్. వైఎస్‌జెడ్ పొర అయితే 1 వోల్ట్ దాటాలి. బాగా తక్కువుంటే పొరలో చిల్లులున్నట్టే. సీరియా అయితే ఎలక్ట్రాన్ లీక్ వల్ల కొంచెం తక్కువ రావడం మామూలే.

మూడు, అరుగుదల. ప్రతి 1000 గంటలకి ఎంత శాతం తగ్గింది? 1 శాతం అంటే చిన్నగా అనిపిస్తుంది. కానీ అయిదేళ్లంటే 43,800 గంటలు, ఆ రేటున పవర్ దాదాపు 44 శాతం పోతుంది. 0.2 శాతమైతే 9 లోపే.

నాలుగు, ఎన్నిసార్లు ఆన్, ఆఫ్ చేశారు? స్టీల్ సెల్ గొప్పే అది. ఆ నంబర్ చెప్పకపోతే అనుమానించండి.

నా మాట

స్టీల్ సెల్ గెలిచేసిందని చెప్పను. సెరెస్ టెక్నాలజీ తీసుకున్న బాష్ 2025లో ఈ ప్రాజెక్ట్ నుంచి తప్పుకుంది. అదే ఏడాది దక్షిణ కొరియాలో డూసాన్ అదే టెక్నాలజీతో ఫ్యాక్టరీ ప్రొడక్షన్ మొదలుపెట్టింది. ఒకరు దిగారు, ఒకరు ఎక్కారు. ఇప్పటిదాకా డేటా సెంటర్ ఆర్డర్లు ఎక్కువగా కొట్టేసింది మాత్రం పాత పద్ధతి మందపాటి సెల్లే.

కానీ రోజూ ఆపి వెలిగించాల్సిన చోట, కుదుపులున్న చోట, ధర దిగితే తప్ప పని జరగని చోట నా ఓటు స్టీల్‌కే. 10 మైక్రాన్ల పొర వేయడం చాలా ల్యాబ్‌లకి వచ్చు. ఆ పొరని చవకైన రేకు మీద పగలకుండా, తుప్పు పట్టకుండా అయిదేళ్లు నిలబెట్టడం కొందరికే వచ్చు. ఇకమీదట ఎవరైనా "మా ఎలక్ట్రోలైట్ ఇంత సన్నం" అని చెబితే, వెంటనే ఒక్క ప్రశ్న అడగండి: కింద ఏముంది?